వైడెన్‌రోడ్ పొయ్యి

షేక్‌పేట,
ఫిబ్రవరి 3

ప్రియమైన హరీ,

ఈ రోజుల్లో కాగితం మీద ఉత్తరమేమిటని నవ్వకు. మా సినిమా బొమ్మలు బయటికి పోతాయన్న భయంతో ఆఫీసులో అందరి ఫోన్ల కెమెరాలకూ స్టిక్కర్లు అంటించారు. సెట్ గురించి ఎవరికైనా మెసేజ్ పెట్టినట్టు తెలిస్తే ఇంటికి పంపేస్తారట. పోస్టులో పంపకూడదని మాత్రం ఎవరికీ తోచలేదు. కాబట్టి ఇకనుంచి పోస్టాఫీసే మనకు దిక్కు.

ఇంతకీ విషయం. మొన్న చలపతిరావు గారు నన్ను గదిలోకి పిలిచి కుర్చీ చూపించారు. పదకొండేళ్లలో ఆయన నాకు కుర్చీ చూపించడం ఇదే మొదలు. "చూడమ్మా ఉదయా, ఈసారి మనకి జర్మనీ పల్లెటూరు ఒకటి కావాలి. అంత దూరం వెళ్లే తీరిక హీరోగారికి లేదు. ఫిల్మ్ నగర్ వెనకాల బండల మీద ఖాళీ జాగా ఉంది కదా, అక్కడ కట్టాలి. నువ్వే కట్టు. టైటిల్ కూడా నీదే వేయిస్తాను," అన్నారు.

నీకు తెలియనిదేముంది? పదిహేడు సినిమాలకు ఆయన కింద సెట్లు వేశాను. నా పేరు ఎప్పుడు పడ్డా ఆఖర్లో, జనం లేచి చెప్పులు వెతుక్కునేటప్పుడు పడింది. ఈసారి తెర నిండా ఒక్కటే పేరు: 'కళాదర్శకత్వం – ఉదయశ్రీ'. అమ్మకు చెబితే, "నిజంగనా బిడ్డా? నీ ఒక్కదాని పేరేనా?" అని రెండుసార్లు అడిగింది.

అందుకే జర్మనీలోని మీ ఊరు కావాలి నాకు. ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మలన్నీ క్యాలెండర్ బొమ్మలే. ఏ ఇల్లు ఎందుకు అలా ఉందో, చర్చి ఎవరు కట్టారో, జనం ఎక్కడ నిలబడి మాట్లాడుకుంటారో, అది కావాలి. తలుపుల ఎత్తు, మెట్ల వెడల్పు కూడా అడుగుల్లో రాయి.

నువ్వు పెళ్లి చేసుకుని వెళ్తూ నీ జాగాలో నన్ను ఆయన దగ్గర చేర్పించకపోతే, నేనింకా అమీర్‌పేటలో దుకాణాలకు బోర్డులు రాసుకుంటూ ఉండేదాన్ని. ఆ మేలు ఎప్పుడూ మరవను.

నీ
ఉదయ


వైడెన్‌రోడ్,
ఫిబ్రవరి 21

ప్రియమైన ఉదయా,

నీ ఉత్తరం చూసి మా పోస్టావిడ తలుపు కొట్టి మరీ చేతికిచ్చింది. ఈ ఊళ్లో మూడువందల పన్నెండు మంది ఉన్నాం. నీ గాంధీ స్టాంపు గురించి సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోయి ఉంటుంది.

నాకు జర్మన్ నేర్పిన ఎల్ఫ్రీడ అనే ముసలావిడ ఉంది. ఎనభై ఆరేళ్లు. ఇక్కడి బడిలో ఆఖరి పంతులమ్మ ఆవిడే. బడి మూతపడి యాభై ఏళ్లయింది, ఆవిడ మాత్రం ఇంకా అందరి తప్పులూ దిద్దుతూనే ఉంది. నీ సంగతి చెప్పగానే కోటు తొడుక్కుని, చేతికర్ర పట్టుకుని, నన్ను ఊరంతా తిప్పింది. టేపు పట్టుకోవడం నా వంతు.

ఈ ఊరి పేరు మొట్టమొదట ఒక మఠం వాళ్ల భూమి కాగితంలో కనిపిస్తుంది. ఏడువందల ఏళ్ల పైమాట. మధ్యలో ఒక పెద్ద యుద్ధంలో ఊరంతా తగలబడింది, పదకొండు కుటుంబాలే మిగిలాయి. చర్చి గోపురం తర్వాత వందేళ్లకు గానీ లేవలేదు. ఆ గోపురానికి మూడు వైపులే గడియారాలున్నాయి. ఉత్తరం వైపు వట్టి గోడ. రాళ్లు మోయడానికి ఉత్తరం గుట్ట మీది పల్లెవాళ్లు రాలేదట. "మోయనివాళ్లకు టైము చూపించడమెందుకు?" అని వీళ్లు అటు గడియారం పెట్టలేదు. ఇప్పటికీ వాళ్లు ఆ గోడ వైపు చూడకుండా పోతారని ఎల్ఫ్రీడ నవ్వింది.

చర్చి పక్కనే ఊరుమ్మడి రొట్టెల పొయ్యి. పొయ్యి అంటే చిన్న ఇల్లే. ఇళ్లలో పొయ్యిలుంటే కప్పులు అంటుకుంటున్నాయని దొర ఒకప్పుడు ఇంటిపొయ్యిలు మాన్పించి, ఊరందరికీ ఇది కట్టించాడు. శుక్రవారం రొట్టెలు కాలుస్తారు. అసలు చిక్కు ఎవరు ముందన్నది. మొదటివాళ్లకు చల్లటి పొయ్యి దొరుకుతుంది. దాన్ని వేడెక్కించడానికి వాళ్ల కట్టెలన్నీ అయిపోతాయి, రొట్టె కూడా సరిగ్గా కాలదు. తర్వాతివాళ్లకు పొయ్యి వేడివేడిగా చేతికొస్తుంది. అందుకని గురువారం సాయంత్రం చర్చి గంట కొట్టాక, ప్రతి ఇంటి గుర్తూ చెక్కిన చెక్కముక్కలు ఒక టోపీలో వేసి చీటీ తీస్తారు. మొదటి చీటీ ఎవరిదైతే వాళ్లే ఆ వారం పొయ్యి వెలిగించాలి. దీని గురించి ఎల్ఫ్రీడ ఇంకేదో చెప్పబోయి ఆగిపోయింది. నేనూ గుచ్చి అడగలేదు.

కొలతలు, బొమ్మలు ఇందులో పెట్టాను. ఒక్కమాట. టైటిల్ సంగతి చలపతిరావు గారి చేత కాగితం మీద రాయించుకున్నావా?

నీ
హరి


ఫిల్మ్ నగర్,
మార్చి 12

ప్రియమైన హరీ,

నీ బొమ్మలు బంగారం. కానీ వాటిని కట్టనిస్తే కదా!

మొదటి గొడవ గోపురంతో. మూడు గడియారాలని చూసి డైరెక్టర్ గారు, "నాలుగోది మర్చిపోయారా?" అన్నారు. కథంతా చెప్పాను. శ్రద్ధగా విని, "చాలా బాగుందండీ. కానీ హీరో ఎటునుంచి వచ్చినా వెనకాల గడియారం పడాలి," అన్నారు. మా సెట్ మేస్త్రి హనుమంతుకు మాత్రం కథ తెగ నచ్చింది. "మొయ్యనోనికి టైమెందుకు సూపియ్యాలె? మూడే పెడతనమ్మా, ఎవడేమంటడో సూస్త," అని ఉత్తరం గోడను నున్నగా పూసేశాడు. నాలుగు రోజుల వాదన తర్వాత మూడే ఉండనిచ్చారు. హీరోను ఆ వైపునుంచి రానివ్వకుండా చూస్తారట.

రెండోది పొయ్యి. నిర్మాతగారు వాస్తు సిద్ధాంతిని తీసుకొచ్చారు. ఆయన సెట్ నడిబొడ్డున దిక్సూచి పెట్టి, పొయ్యి ఈశాన్యంలో పడింది, అగ్ని ఆగ్నేయంలోనే ఉండాలన్నారు. ఇది జర్మనీ ఊరండీ అన్నాను. "పెట్టుబడి జర్మనీవాళ్లది కాదు కదమ్మా!" అన్నారు. కట్టిన గోడలు పడగొట్టి, చర్చికి దూరంగా మళ్లీ మొదలుపెట్టాం. ఇళ్లన్నీ ప్లైవుడ్, థర్మోకోల్. పొయ్యి ఒక్కటే నిజం ఇటుకలతో కడుతున్నాం, ఎందుకంటే హీరో అందులోంచి కాలిన రొట్టె తీయాలి. పచ్చి పొయ్యికి ఒక్కసారే మంట పెడితే పగిలిపోతుంది. నెలరోజులు చిన్న చిన్న మంటలతో ఆరబెట్టాలి. షాట్ రోజున ఐదు గంటల ముందు వెలిగించాలి. ఆ లెక్క నా కొలతల పుస్తకంలో ఉంది, ఆ మంట పట్టే తీరు నా చేతుల్లో ఉంది.

ఏడువందల ఏళ్ల ఊరు సినిమాలో ఎంతసేపు కనిపిస్తుందో ఎల్ఫ్రీడ గారికి చెప్పకు. ఒక పాట, ఒక కారు ఛేజింగ్.

కాగితం మీద రాయించుకోమన్నావు. నాకు కోపం వచ్చింది హరీ. ఆయన మాటంటే మాటే. ఇవన్నీ వద్దనుకుని హాయిగా వెళ్లిపోయినదానివి, ఇక్కడి నమ్మకాలు నీకేం గుర్తుంటాయి? చలపతిరావు గారి అబ్బాయి రిత్విక్ కూడా ఇప్పుడు సెట్‌కి వస్తున్నాడు. పైచదువు పూర్తి చేసుకొచ్చాడు. నా పుస్తకం తీసుకుని నేర్చుకుంటానన్నాడు. మర్యాదస్తుడు.

నీ
ఉదయ


వైడెన్‌రోడ్,
ఏప్రిల్ 2

ఉదయా,

పుస్తకం వెనక్కి తీసుకో. వేరే ఏం రాయాలో తెలియడం లేదు. కొన్ని విషయాలు చెప్పాలంటే నాకు ధైర్యం చాలడం లేదు. ముందు పుస్తకం తీసుకో.

మా ఊరి పొయ్యి ఈశాన్యంలోనే ఉంది. నూట ఎనభై ఏళ్లుగా దానికేమీ కాలేదని మీ సిద్ధాంతిగారికి చెప్పు.

హరి


షేక్‌పేట,
ఏప్రిల్ 24

హరీ,

ఇవాళ పోస్టర్ విడుదల చేశారు. ఫిల్మ్ నగర్ మలుపులో, నేను రోజూ టీ తాగే బండి వెనక గోడ మీదే అంటించారు. హీరో నడిచొస్తున్నాడు, వెనక మన గోపురం. కింద చిన్నక్షరాల్లో పేర్లు. టీ గ్లాసు చేతిలో పట్టుకునే చదివాను.

కళాదర్శకత్వం: రిత్విక్ చలపతి.

తిన్నగా ఆఫీసుకు వెళ్లాను. చలపతిరావు గారు తడబడనైనా లేదు. "వాడికి లాంచింగ్ కదమ్మా. బయటివాళ్లయితే చెప్పాలి గానీ, నువ్వు ఇంట్లో మనిషివి, నీకు చెప్పేదేముంది? తర్వాతి సినిమా నీదే. దీంట్లో 'సహకారం' అని ప్రత్యేకంగా వేయిస్తాను," అన్నారు. గోడ మీద దేవుడి పటానికి దండ సర్దుతూ అన్నారు. నేనేమన్నానో తెలుసా? "సరే సార్" అన్నాను. పదకొండేళ్లు అలవాటైన నోరు, దానంతటదే అనేసింది. బయటికొచ్చాక నన్ను నేనే కొట్టుకోవాలనిపించింది.

అమ్మకు ఇంకా చెప్పలేదు. పక్కింటివాళ్లకు, కూరగాయలావిడకు అందరికీ చెప్పుకుంది.

పుస్తకం తీసుకోమన్నావు. అంటే నీకు తెలుసు. నీకేం తెలుసో రాయి.

ఉదయ


వైడెన్‌రోడ్,
మే 9

ఉదయా,

నేను పెళ్లి కోసం మానేయలేదు. పెళ్లి ఆ తర్వాత కుదిరింది. నలుగురూ అడిగితే చెప్పడానికి బాగుంటుందని అదే కారణం చేశాను.

నేను వేసిన ఆఖరి సెట్ నీకు గుర్తుందా, ఆ కొండకోట? బొమ్మ నాది, కొలత నాది. ఎండలో ఐదు నెలలు ఆ మెట్ల మీదే బతికాను. టైటిల్ నాదేనన్నారు. విడుదలకు ముందు, "నువ్వు ఇంట్లో మనిషివి, తర్వాతి సినిమా నీదే," అన్నారు. అవే మాటలు. నీ ఉత్తరంలో మళ్లీ చదివాను.

ఇంతకన్నా పాడు సంగతి ఇంకొకటుంది. నేను వెళ్తానంటే, "నీలాంటి పనిమంతురాలిని ఒకర్ని పెట్టి వెళ్లు," అన్నారు. నీ పేరు చెప్పాను. నీకు పని దొరుకుతుందనే చెప్పాను, కానీ ఆయన సంగతి చెప్పలేదు. చెబితే నువ్వు చేరవు, ఆయన నన్ను వదలరు. పైగా సిగ్గు. మోసపోయానని చెప్పుకోవడం కన్నా పెళ్లైందని చెప్పుకోవడం తేలిక కదా. చల్లటి పొయ్యి నీ చేతికిచ్చి నేను వచ్చేశాను.

నీ పోస్టర్ సంగతి ఎల్ఫ్రీడకు చెబుతూ ఏడ్చేశాను. అప్పుడు చెప్పింది, ఆ రోజు మింగేసిన మాట.

ఎనభై ఏళ్ల కిందటి ప్రపంచయుద్ధం అయిపోయాక తూర్పునుంచి ఇళ్లూ వాకిళ్లూ పోగొట్టుకున్నవాళ్లను ఈ ఊరికి పంపారు. ఎల్ఫ్రీడ వాళ్లమ్మ అలా వచ్చినావిడే. భర్త లేడు, ఏడేళ్ల పిల్ల. వాళ్లకూ ఒక చెక్కముక్క ఇచ్చారు, టోపీలో వేశారు. ప్రతి గురువారం మొదటి చీటీ ఆవిడదే వచ్చేది. రెండేళ్లు! టోపీ పట్టుకునే ఆయన ఆ ముక్కను వేళ్ల సందున దాచి, దాన్నే ముందు తీసేవాడు. ఊరందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. పిల్ల అడవిలో పుల్లలు ఏరుకొచ్చేది, తల్లి పొయ్యి వేడెక్కించేది, ఊరు రొట్టెలు కాల్చుకునేది. వీళ్ల రొట్టె మాత్రం లోపల పచ్చిగానే ఉండేది.

ఒక శుక్రవారం వాళ్లమ్మ లేచి, పిల్లకు జడ వేసి, బల్ల దగ్గర కూర్చుంది. పొయ్యి దగ్గరకు వెళ్లలేదు. జనం పిండిముద్దలు పట్టుకుని వస్తే పొయ్యి చల్లగా ఉంది.

నన్ను తిట్టు. ఉత్తరం మాత్రం రాయి.

హరిణి


షేక్‌పేట,
మే 24

హరిణి గారికి,

మీ ఉత్తరం మొన్న గురువారం అందింది. పదకొండేళ్లు స్నేహితురాలినని అనుకున్నాను. ప్రతి పుట్టినరోజుకూ ఫోన్ చేసి "పని ఎలా ఉంది" అని అడిగేవారు. ఆ అడగడంలో ఏముందో ఇప్పుడు తెలిసింది. ఏ పనైనా నాలుగు రోజులు చేసి ఐదో రోజున మానేసే స్వేచ్ఛ నాకుండేది. మీరు చెప్పలేదు కాబట్టి ఉండిపోయాను. చలపతిరావు గారి మీద కన్నా మీ మీదే కోపం ఎక్కువగా ఉంది. ఆయన నా స్నేహితుడు కాదు కదా.

అయినా జరిగింది చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు? నిన్న శుక్రవారం పొయ్యి షాట్. నేను వెళ్లలేదు. జడ వేయడానికి పిల్ల లేదు, అమ్మకు చిక్కు తీశాను. అమ్మకు అప్పుడే అంతా చెప్పాను. ఫోన్ మోగుతుంటే అమ్మ, "ఎత్తకు బిడ్డా," అంది.

ఏమనుకున్నాను? షూటింగ్ ఆగిపోతుందనుకున్నాను. రిత్విక్ పరుగెత్తుకుని వస్తాడనుకున్నాను. సాయంత్రం హనుమంతు వచ్చి చెప్పాడు. "పొయ్యి సల్లగున్నదని జర సేపు లొల్లి వెట్టిండ్రమ్మా. ఇగ డైరెక్టర్ సారు, మంటలు కంప్యూటర్ల పెడదాం తియ్యి అన్నడు. హీరో సల్లటి పొయ్యిలకెళ్లే రొట్టె గుంజిండు. అబ్బా కాలిందని ఊదుకుండు గూడ."

ఎల్ఫ్రీడ గారి అమ్మ వెలిగించకపోతే ఒక ఊరికి రొట్టె లేదు. నేను వెలిగించకపోతే కంప్యూటర్‌లో వెలిగిస్తారు. ఇదీ నా విలువ. ఎల్ఫ్రీడ గారికి చెప్పండి, ఆవిడ కథ ఇక్కడ పనిచేయలేదని.

ఉదయశ్రీ


వైడెన్‌రోడ్,
జూన్ 11

ఉదయా,

గారూ మీరూ పెట్టావు. నాకు తగిందే. పదకొండేళ్లూ నీకు ఫోన్ చేసిన ప్రతిసారీ, ఇవాళ చెప్పేయాలి అనుకునేదాన్ని. పెట్టేశాక, పుట్టినరోజున ఎందుకులే అనుకునేదాన్ని. క్షమించమని అడగను.

నీ మాట ఎల్ఫ్రీడకు చదివి వినిపించాను. కర్రతో నేల మీద కొట్టింది. "కథ అయిపోయిందని ఎవరన్నారు? మొదటి శుక్రవారమే ఊరు దిగివచ్చిందని నేను చెప్పానా? నువ్వే సగంలో లేచి ఏడుస్తూ వెళ్లావు," అని నన్ను తిట్టింది.

మొదటి శుక్రవారం ఊళ్లోవాళ్లు నవ్వారట. పక్క పట్నం బేకరీనుంచి రొట్టెలు తెచ్చుకున్నారు. రెండో వారం ఎవరో వెలిగించబోయి పొగ పట్టించుకున్నారు. ఆ పొయ్యి గుణం రెండేళ్లుగా తెలిసింది వాళ్లమ్మ ఒక్కదానికే. ఆ వారాలన్నీ తల్లీబిడ్డలు ఉడకబెట్టిన బంగాళాదుంపలే తిన్నారు. ఐదో శుక్రవారం టోపీ పట్టుకునే మనిషే గుమ్మంలోకి వచ్చాడు. వాళ్లమ్మ లోపలికి రమ్మనలేదు. "టోపీ ఇకనుంచి పిల్ల పట్టుకుంటుంది. అందరి ముందూ," అంది. అప్పటినుంచి ఎల్ఫ్రీడే పట్టుకుంటోంది, డెబ్బై ఏడేళ్లుగా.

ఇందులో పెట్టిన చెక్కముక్క వాళ్లమ్మది. నీకివ్వమంది. నేను వద్దన్నాను, ఆవిడ వినలేదు.

హరిణి


షేక్‌పేట,
జూలై 4, శుక్రవారం

హరిణికి,

చెక్కముక్క చేరింది. అరచేతిలో సగం కూడా లేదు. దాని మీద చెక్కింది పక్షో ఆకో తెలియడం లేదు, అరిగిపోయింది. అమ్మ దాన్ని దేవుడి దగ్గర పెట్టబోతే, వద్దని నా పెన్సిళ్ల డబ్బాలో వేసుకున్నాను.

ఎల్ఫ్రీడ గారి అమ్మకు ఐదు పట్టాయి. నాకు ఇది ఏడో శుక్రవారం. మధ్యలో రెండు చోట్ల పని అడిగాను. 'చలపతిరావు గారి మనిషి' అని ఎవరూ పెట్టుకోలేదు. మూడో వారం సిగ్గు విడిచి మళ్లీ సెట్‌కి వెళ్లిపోదామా అని కూడా అనుకున్నాను. చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వెళ్లి మళ్లీ విప్పాను.

వానలు మొదలయ్యాయి. మీ వైడెన్‌రోడ్ ప్లైవుడ్, థర్మోకోల్ కదా, నానిపోయింది. చర్చి కప్పు జారి షేక్‌పేట నాలాలో తేలిందని హనుమంతు చెప్పాడు. నిలబడింది పొయ్యి ఒక్కటే. ఇంకా ఛేజింగ్ తీయాలి, పోయినసారి తీసినదానికి అచ్చంగా కలవాలి. రిత్విక్ తిరిగి కట్టించాడు. గోపురానికి నాలుగు గడియారాలు పెట్టించాడు! పాటలో మూడే ఉన్నాయి. కొలతలు కుదరక రెండుసార్లు పడగొట్టారు. పుస్తకం నా దగ్గరే ఉంది, నీ ఉత్తరం అందిన రోజే వెనక్కి తెచ్చుకున్నాను. అది నీవల్లే. ఆ మాట రాయాలనిపించింది, రాశాను. మిగతా కోపం ఇంకా తగ్గలేదు. రిత్విక్ హనుమంతును అడిగితే, "అమ్మ గీసియ్యందే నేనేడ కడతా సారూ, నాకు సదువు రాదు," అన్నాడట. నలభై ఏళ్లుగా సెట్లు కడుతున్న మనిషి, ఇప్పుడు గుర్తొచ్చింది చదువు రాదని.

ఇప్పుడే వీధి చివర కారు ఆగింది. పెద్ద కారు, మా గల్లీలోకి తిరగదు. చలపతిరావు గారు దిగారు. గొడుగు లేదు, పంచె అంచు పైకి పట్టుకుని నీళ్లు దాటుతూ నడిచి వస్తున్నారు. నేను కిటికీ దగ్గర కూర్చుని నీకు రాస్తూ చూస్తున్నాను. చెక్కముక్క ఎడమచేతిలో ఉంది. ఈసారి కాగితం ఆయన చేత రాయించాలి, 'సరే సార్' అని నోరు జారకూడదు.

అమ్మ వంటింట్లోంచి, "పెద్దమనిషి వానల తడుసుకుంట వస్తున్నడు, చాయ్ పెట్టమంటవా?" అని అడుగుతోంది.

పొయ్యి వెలిగించొద్దమ్మా, ముందు ఆయన ఏమంటారో విందాం అన్నాను.

ఉదయ